దాయాది

కిందటేడు వానాకాలంలో మా అమ్మకి నిమ్ము చేసింది. పది రోజులు ఆస్పత్రిలో ఉంది. సెలైన్ల మీద సెలైన్లు, వాటితోపాటు గట్టి గట్టి యాంటీబయాటిక్కులు. మొత్తానికి జ్వరం తగ్గి, ఆయాసం తగ్గి, రాజమండ్రిలో మా ఇంటికి నడిచి వచ్చింది. హమ్మయ్య అనుకున్నాం. కానీ జ్వరంతోపాటు ఆకలి కూడా పోయింది. ముద్ద నోట్లో పెట్టుకోవడం, మొహం చిట్లించడం, కంచం పక్కకి తోసెయ్యడం.

"కారంగా ఉందే" అనేది.

"చారులో మిరియపు గింజ కూడా వెయ్యలేదమ్మా."

"అయితే నా నోరే కారంగా ఉంది కాబోలు."

నేను విసుక్కున్నాను. దాచుకోవడమెందుకు? సగంలో ఆగిపోయిన నవల ఒకటి, పది రాత్రుల నిద్ర బాకీ ఒకటి నా నెత్తిమీద ఉన్నాయి. "చిన్నపిల్లవా, ఈ మంకుపట్టేమిటి? తినకపోతే మళ్ళీ ఆస్పత్రే" అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంది.

మూడో రోజున షుగరు చూడ్డానికి ఒక నర్సమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. వేలిమీద సూది గుచ్చి తన పని తాను చూసుకుని పోవచ్చు. పోలేదు. "మామ్మగారూ, ఒక్కసారి ఆ... అనండి" అని సెల్లు లైటు వేసి చూసింది. తర్వాత నన్ను పిలిచి చూపించింది. నాలిక మీదా, బుగ్గల లోపలా, అంగిట్లోనూ పెరుగు తోడుకున్నట్టు తెల్లటి పూత. దూదితో తుడిస్తే దాని కింద ఎర్రగా పచ్చి పుండు.

"మూడ్రోజుల్నించీ మంట అంటూనే ఉన్నారట కదా మేడం" అంది.

అందులో నింద లేదు. మామూలుగానే అంది. కానీ మనుషుల మనసులు చదువుతానని పేరున్న రచయిత్రిని, కన్నతల్లి నోరు తెరిపించి చూడలేకపోయానే అని నాకు తల కొట్టేసినట్టయింది.

డాక్టరు గారు చుక్కల మందు రాశారు. రోజుకి నాలుగుసార్లు నోట్లో వేసుకుని, కాసేపు పుక్కిట పట్టి మింగాలి. పసుప్పచ్చటి మందు. సీసా మీద నిస్టాటిన్ అని ఉంది. నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. మందు చేతికొస్తే దాని రసాయనం కన్నా ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనిపిస్తుంది నాకు. పేరు చూసి ఎవరో రష్యను దొరగారు కనిపెట్టాడేమో అనుకున్నాను. తీరా చదువుతూ పోతే తేలిందేమిటంటే, అది మనిషి పేరు కాదు, ఒక రాష్ట్రం పేరు. దాని వెనక ఉన్నవాళ్ళు దొరలు కారు, ఇద్దరు ఆడవాళ్ళు. ఆ కథ మీకూ చెప్పాలని కూర్చున్నాను.

ముందు శత్రువు సంగతి చెప్పుకోవాలి.

ఆ తెల్లపూతకి కారణం కాండిడా అనే ఈస్టు. ఈస్టు అంటే మరేదో అనుకునేరు. పొద్దున దింపిన కల్లు మధ్యాహ్నానికి పొంగి నిషా ఎక్కించేలా చేసేదీ, రొట్టెపిండిని ఉబ్బించేదీ ఆ జాతిదే. ఒక్క కణంతో బతికే శిలీంధ్రం. వాటిలో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. కాండిడా మటుకు రెండూను. మనలో చాలామంది నోట్లోనూ, పేగుల్లోనూ అద్దెకున్న మనిషిలా నోరెత్తకుండా పడి ఉంటుంది. ఒంట్లో సత్తువ తగ్గినప్పుడో, షుగరు పెరిగినప్పుడో, ఇరుగు పొరుగున ఉండే బాక్టీరియాలు ఖాళీ చేసినప్పుడో, గుండ్రటి కణం కాస్తా దారంలా సాగి చర్మం పొరల్లోకి వేళ్ళు దింపుతుంది. అద్దెకున్నవాడు ఇల్లు రాయించుకున్నట్టన్న మాట.

ఇది కొత్త రోగం కాదు. నీరసించిన రోగుల నోట్లో పుట్టే ఇలాంటి పూత గురించి క్రీస్తుకి పూర్వం గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు కాలంలోనే రాసిపెట్టారు. 1839లో లాంగెన్‌బెక్ అనే జర్మన్ వైద్యుడు ఒక జ్వరరోగి నోటిపూతలో శిలీంధ్రాన్ని చూశాడు. ఆ పూతకి కారణం అదేనని గ్రహించలేక, జ్వరమే దానివల్ల వచ్చిందనుకున్నాడు. కాండిడా అన్న పేరు స్థిరపడింది 1923లో. ఆ పేరు పెట్టింది క్రిస్టీన్ బెర్కౌట్ అనే డచ్చి యువతి, యుట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన తన పరిశోధన గ్రంథంలో. లాటిన్‌లో ఆ మాటకి తెల్లనిది అని అర్థం. పూర్వం రోము నగరంలో పదవి కోరి జనం ముందుకి వచ్చేవాళ్ళు సుద్దతో తెల్లగా చేసిన వస్త్రం కప్పుకునేవారు. వాళ్ళని కాండిడేట్లు అన్నారు. అంటే మన ఎన్నికల అభ్యర్థులకీ, మా అమ్మ నోట్లోని పూతకీ మూలం ఒకే మాట. తెల్లబట్టలతో వచ్చి, చోటిస్తే లోపలికి వేళ్ళు దింపడం దగ్గర కూడా పోలిక ఉందంటారా, అది మీ ఇష్టం. నేననలేదు.

సరే, నిమ్ముని పోగొట్టిన అంత గట్టి యాంటీబయాటిక్కులు ఈ కాస్త పూతని ఎందుకు పోగొట్టలేకపోయాయి? పోగొట్టకపోగా దాన్ని ఎందుకు పెంచాయి?

ఇక్కడే ఉంది అసలు చిక్కు. బాక్టీరియా మనకి ఏమీ కాదు. దాని కణం కట్టుబడి వేరు, మన కణం కట్టుబడి వేరు. పెన్సిలిన్ వెళ్ళి బాక్టీరియా గోడ కట్టే పనిని చెడగొడుతుంది. మన కణాలకి అసలు గోడే లేదు గనక మనకేమీ కాదు. ఈస్టుకి గోడ ఉంది కానీ అది వేరే సరుకుతో కట్టింది. పెన్సిలిన్‌కి దానితో పనిలేదు. ఇక గోడ దాటి లోపలికి వెళ్ళి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మన కణంలో ఉన్నట్టే దానికీ కేంద్రకం ఉంది, మనలాగే చక్కెరని కరిగించి శక్తి తీసుకుంటుంది, ప్రొటీన్లు తయారుచేసే పద్ధతి కూడా మనదే. పుట్టగొడుగునీ, బూజునీ, ఈస్టునీ చెట్టూచేమల జాబితాలో వేసేవాళ్ళం ఒకప్పుడు. వంశవృక్షం తీసి చూస్తే అవి మొక్కలకన్నా మనకే దగ్గర చుట్టాలని తేలింది.

పరాయివాడితో యుద్ధం తేలిక. దాయాదితో పోరే కష్టం. ఇంటి పేరు ఒకటే, గోత్రం ఒకటే, పెరటి గోడ ఒకటే. వాడి ఇంటికి నిప్పు పెడితే మన చూరూ అంటుకుంటుంది. ఈస్టుని చంపే విషాలకి ఎప్పుడూ కొదవ లేదు. అవి మనిషినీ చంపేస్తాయన్నదే బాధ. శిలీంధ్రాల మందుల చరిత్ర అంతా ఒక్క మాటలో చెప్పమంటే, దాయాదికీ మనకీ ఎక్కడ తేడా ఉందో వెతుక్కున్న చరిత్ర అంటాను.

ఆ వెతుకులాట తొందరపడింది 1940లలో. పెన్సిలిన్ వచ్చింది, స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. ఇది ఒకటో రెండో కాదు, రకరకాల బాక్టీరియాల్ని ఒకే దెబ్బకి కొట్టే మందు. దాన్ని అమెరికాలో మిస్సోరి రాష్ట్రపు మట్టిలోంచి తీసినవాడు డగ్గర్ అనే డెబ్భై దాటిన వృక్షశాస్త్రవేత్త. ఆయన పనిచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకి పెద్దదిక్కుగా ఉన్నది మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టినాయన. ఆ మందు లోకానికి తెలిసిన 1948లోనే, ఆగస్టు నెలలో ఆయన కన్నుమూశారు. ఈ సంగతి చదివి వినిపిస్తే, భీమవరం ఆడపడుచైన మా అమ్మ నోటిమంట మరిచిపోయి లేచి కూర్చుంది. "మా ఊరివాడే! అందుకే నా నిమ్ము తగ్గింది" అంది. అమ్మకి ఇచ్చినవి వేరే మందులు. అయినా ఆ సంతోషాన్ని నేనెందుకు పాడుచెయ్యాలి?

ఆ మహా ఔషధాలు ఎన్ని ప్రాణాలు నిలబెట్టాయో లెక్కలేదు. కానీ అవి నోట్లోనూ పేగుల్లోనూ కాపలా ఉన్న మంచి బాక్టీరియాల్ని కూడా తుడిచిపెట్టాయి. కాపలావాళ్ళు పోయిన ఇంట్లో కాండిడా విజృంభించింది. ఒక రోగం తగ్గి, ఇంకో రోగంతో బాధపడే మనుషులు ఆస్పత్రుల్లో కనిపించసాగారు. దానికి వెయ్యడానికి వైద్యుల దగ్గర పైపూతలు తప్ప నమ్మకమైన మందు లేదు.

సరిగ్గా ఆ 1948లోనే న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖవారి ప్రయోగశాలల్లో ఇద్దరు ఉద్యోగినులు పని మొదలెట్టారు.

ఒకావిడ ఎలిజబెత్ హేజెన్. 1885లో మిసిసిపీ రాష్ట్రంలో ఒక పల్లెటూళ్ళో పుట్టింది. నాలుగేళ్ళు నిండకుండానే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పెద్దమ్మ పిన్నమ్మల వంటి బంధువుల ఇంట పెరిగింది. బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ, చదువుకుంటూ, నలభయ్యో పడిలో, 1927లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకుంది. శిలీంధ్రాల విద్య మీద పడేసరికి ఆవిడకి యాభై దాటి ఎనిమిదేళ్ళయింది. ఆ వయసులో మళ్ళీ విద్యార్థినిగా కూర్చుని నేర్చుకుంది.

రెండో ఆవిడ రేచెల్ బ్రౌన్. 1898లో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తల్లి ఉద్యోగం చేసి పిల్లల్ని పెంచింది. ఆ పిల్ల చురుకు చూసి, వాళ్ళ అమ్మమ్మకి స్నేహితురాలైన ఒక సంపన్నురాలు కాలేజీ ఖర్చు పెట్టుకుంది. ఇక్కడ నాకు భలే సంతోషం వేసింది. ఆవిడ కాలేజీలో తీసుకున్నది ఏమిటనుకున్నారు? చరిత్ర! నిబంధన ప్రకారం ఒక సైన్సు పాఠం కూడా చదివి తీరాలి గనక రసాయనశాస్త్రం తీసుకుంది. తీసుకున్నాక దాన్ని విడిచిపెట్టలేకపోయింది. 1920లో రెండిట్లోనూ పట్టా పొందింది. నేను కూడా చరిత్ర విద్యార్థినినే గానీ, నన్ను అలా సైన్సు పాఠం చదివి తీరాలని ఎవరూ నిర్బంధించలేదు. అందుకే ఇలా మిగిలిపోయానని మా అమ్మ దగ్గర సమర్థించుకుంటూ ఉంటాను.

చికాగోలో రేచెల్ తన డాక్టరేటు గ్రంథం 1926లో ఇచ్చేసింది. నోటిపరీక్ష పెట్టడంలో ఆలస్యమైంది. ఈలోగా చేతిలో డబ్బులైపోయాయి. ఆల్బనీ నగరంలో ఉద్యోగం దొరికితే వెళ్ళిపోయింది. మళ్ళీ చికాగో వెళ్ళి పరీక్ష ఇచ్చి పట్టా తెచ్చుకునేసరికి 1933 వచ్చింది. ఆల్బనీలో ఆవిడ చాలాకాలం పనిచేసింది దేనిమీదో తెలుసా? నిమ్ము కలిగించే బాక్టీరియాల మీద. మా అమ్మకి వచ్చిన రెండు రోగాల్తోనూ ఈవిడకి పని పడిందన్న మాట.

హేజెన్ న్యూయార్క్ నగరంలో, బ్రౌన్ ఆల్బనీలో. మధ్యన దాదాపు 240 కిలోమీటర్లు. వాళ్ళిద్దరి మధ్యా నడిచిన వంతెన పోస్టాఫీసు. హేజెన్ ఎక్కడెక్కడినుంచో మట్టి తెప్పించేది. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి చంపుకోవడానికి విషాలు తయారుచేసుకుంటాయి కదా, వాటిలో ఈస్టుల్ని చంపేది ఏదైనా ఉందా అని చూసేది. రెండు శత్రువుల మీద పరీక్ష పెట్టేది. ఒకటి కాండిడా, రెండోది మెదడు పొరలకి ప్రాణాంతకమైన వాపు తెచ్చే క్రిప్టోకాకస్ అనే మరో ఈస్టు. రెండిటినీ చంపే జీవి దొరికితే దాన్ని ఊరగాయలు పెట్టుకునే గాజు సీసాలో పెంచి పోస్టులో ఆల్బనీకి పంపేది. బ్రౌన్ ఆ సీసాలోంచి చంపే పదార్థాన్ని విడదీసి మళ్ళీ పోస్టులో వెనక్కి పంపేది. హేజెన్ దాన్ని మళ్ళీ ఈస్టుల మీద వేసేది. చస్తే, ఎలుకలకి ఇచ్చేది. ఎలుక కూడా చస్తే సీసా పారబోసి మళ్ళీ మొదటికి.

చాలాసార్లు ఎలుక కూడా చచ్చేది. దాయాది పోరు అని ఇందాక అన్నాను చూడండి, అదే. ఈస్టుని చంపింది ఎలుకనీ చంపింది. ఎలుకని బతకనిచ్చింది ఈస్టునీ బతకనిచ్చింది.

1948లో హేజెన్ వర్జీనియా రాష్ట్రంలో నోర్స్ అనే మిత్రుల పాడి ఆవుల ఫారానికి సెలవు మీద వెళ్ళింది. సెలవు మీద వెళ్ళినవాళ్ళు పూలు కోసుకొస్తారు. ఈవిడ ఆవుల బీడు అంచున ఇంత మట్టి తవ్వి తెచ్చుకుంది. అందులో దొరికిన సూక్ష్మజీవి ఇచ్చిన పదార్థం రెండు ఈస్టుల్నీ చంపింది. ఎలుకల్ని బతకనిచ్చింది. ఆ జీవికి మిత్రుల ఇంటిపేరు కలిపి స్ట్రెప్టోమైసిస్ నోర్సీ అని పెట్టారు. మందుకి తమకి జీతమిచ్చిన న్యూయార్క్ స్టేట్ పేరు కలిసేటట్టు నిస్టాటిన్ అని పెట్టారు. తమ పేర్లు మటుకు ఎక్కడా పెట్టుకోలేదు. 1950లో ఆ సంగతి ప్రకటించారు. స్క్విబ్ కంపెనీ తయారుచేసిన మాత్రలు 1954లో బజార్లోకి వచ్చాయి.

ఆ మట్టి విషానికి దొరికిన తేడా ఏమిటి? ఇది కాస్త ఓపిగ్గా వినండి, వంటింటి భాషలోనే చెబుతాను.

ప్రతి కణానికీ ఒక పల్చటి పొర ఉంటుంది, పాల మీద మీగడలాంటిది. అది మరీ గట్టిపడకుండా, మరీ జారిపోకుండా ఉండటానికి మన కణాలు అందులో కొలెస్ట్రాల్ వేసుకుంటాయి. కొలెస్ట్రాల్ అనగానే గుండె పట్టుకోకండి, అది లేకపోతే కణమే నిలవదు. ఈస్టు కూడా ఆ పనికే ఒక కొవ్వుని వాడుతుంది, కానీ అది కొలెస్ట్రాల్ కాదు, దాని తోబుట్టువు ఎర్గోస్టెరాల్. 1889లోనే టాన్రే అనే ఫ్రెంచి రసాయనవేత్త ధాన్యపు కంకులకి పట్టే ఎర్గాట్ అనే బూజులోంచి దాన్ని తీశాడు.  ఈ రెండు కొవ్వులూ ఒకే పొయ్యి మీద తయారవుతాయి. లానోస్టెరాల్ అనే మజిలీ దాకా మన దారీ ఈస్టు దారీ ఒకటే. అక్కడినుంచి దారులు చీలతాయి. చివరికొచ్చేసరికి రెండిటికీ రవంత తేడా. గోదావరి జిల్లాల్లోనే ఇద్దరు అక్కచెల్లెళ్ళు పెట్టిన పులుసుల్లో ఉండే తేడా లాంటిది.

నిస్టాటిన్ ఆ రవంత తేడాని పసిగడుతుంది. ఎర్గోస్టెరాల్ని వెతికి పట్టుకుంటుంది. దాంతో ఈస్టు పొర పాడవుతుంది, లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది, కణం అదుపు తప్పి చస్తుంది. పొరకి కన్నాలు పడటమే కారణమని చాలాకాలం అనుకున్నారు. నిస్టాటిన్ అన్నదమ్ముల్లో ఒకటైన యాంఫోటెరిసిన్ మీద 2014లో ఇల్లినాయ్ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధనలో మరో సంగతి తెలిసింది. అది కన్నాలు పొడవడంకన్నా, స్పాంజి నీళ్ళు పీల్చినట్టు పొరలోని ఎర్గోస్టెరాల్ని బయటికి లాగేస్తుందట. ఇంటికి కన్నం వెయ్యడం కాదు, గోడలోని సున్నమంతా పీకేయడం.

నిస్టాటిన్‌కి ఒక పరిమితి ఉంది. మింగితే పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కదు. నోటికీ, పేగులకీ, చర్మానికీ సరిపోతుంది. ఈస్టు రక్తంలోకి దిగితే దీని చేతిలో లేదు. దానికోసం స్క్విబ్ వాళ్ళే 1950లలో వెనిజులా దేశపు మట్టిలోంచి ఇందాక చెప్పిన యాంఫోటెరిసిన్ తీశారు. నరాల్లోకి ఎక్కించే మందు. చాలా బలమైనది, చాలా పొగరైనదీనూ. ఎర్గోస్టెరాల్ అనుకుని మన కొలెస్ట్రాల్ని కూడా కాస్త పట్టుకుంటుంది. చలీ జ్వరం తెప్పిస్తుంది, మూత్రపిండాలకి దెబ్బ తగుల్తుంది. 2021లో కరోనా రెండో విడతలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఈ ఇంజక్షన్ల కోసమే మన ఊళ్ళల్లో మనుషులు చీటీలు పట్టుకుని మందుల షాపుల చుట్టూ తిరిగారు. ఆ రోగం తెచ్చింది ఈస్టు కాదు, బూజు. కానీ మందు అదే.

విషం లేని మందు కావాలంటే ఇంకో ఎత్తు వెయ్యాలి. ఎర్గోస్టెరాల్ని పట్టుకోవడం కాదు, దాన్ని తయారే కానివ్వకపోతే? అజోల్స్ అనే మందులు ఆ ఎత్తు వేశాయి. లానోస్టెరాల్‌ని ముందుకి నడిపించే వంటవాడు ఒకడున్నాడు ఈస్టు కణంలో. వాడి చేతిలో ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. అజోల్ వెళ్ళి సరిగ్గా ఆ ఇనుముని పట్టుకుని కూర్చుంటుంది. వంట ఆగిపోతుంది. ఎర్గోస్టెరాల్ రాదు, సగం ఉడికిన సరుకు పేరుకుపోయి పొర చెడుతుంది. అలాంటి వంటవాడు మనకీ ఉన్నాడు, కొలెస్ట్రాల్ వండటానికి. కానీ మంచి అజోల్స్ మనవాడి జోలికి అంతగా పోవు. వాటిలో పేరుపొందిన ఫ్లూకొనజోల్ ఇంగ్లండులో ఫైజర్ కంపెనీవారి ప్రయోగశాలలో పుట్టింది. ఆ ఊరి పేరు సాండ్‌విచ్! ఈస్టు మందు పుట్టడానికి రొట్టెముక్కల పేరున్న ఊరే దొరికింది. 1990లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. మాత్రగా మింగితే చాలు, ఒళ్ళంతా పాకుతుంది.

వీటన్నిటికన్నా నాకు నచ్చింది ఫ్లూసైటోసిన్ కథ. 1957లో కాన్సరుకి మందవుతుందని దాన్ని తయారుచేశారు. కాన్సరు మీద పనిచెయ్యలేదు. ఎందుకంటే అది స్వతహాగా విషం కాదు. అయితే ఈస్టు దాన్ని తిండి అనుకుని లోపలికి లాక్కుని, తన దగ్గరున్న ఒక ఎంజైముతో మార్చుకుంటుంది. ఆ మార్పుతో అది విషమవుతుంది. మన కణాలకి ఆ ఎంజైము లేదు. అంటే తన విషం తానే వండుకుని తింటుంది. భస్మాసురుడు తన నెత్తిన తన చెయ్యే పెట్టుకున్నాడని మనం ఎప్పుడో చెప్పుకున్నాం కదా, అచ్చం అదే. అయితే ఈ భస్మాసురుడు తెలివిమీరినవాడు. ఒంటరిగా ఈ మందే ఇస్తే త్వరలోనే చెయ్యి నెత్తిన పెట్టుకోవడం మానేస్తాడు. అందుకే దీన్ని ఎక్కువగా యాంఫోటెరిసిన్‌తో జంటగా ఇస్తారు.

అంతదాకా వచ్చాను గనక మా ఇంటి కథ కూడా పూర్తి చెయ్యాలి. చుక్కల మందు నాలుగు రోజులు పడేసరికి అమ్మ నోరు ఎర్రబడి తేటగా కనిపించింది. ఐదో రోజున చింతకాయ పచ్చడి అడిగింది. ఇంట్లో పండగే. రెండు వారాలు తిరిగేసరికి మళ్ళీ మొహం చిట్లించడం మొదలైంది. ఈసారి నేను విసుక్కోలేదు. లైటు తెచ్చి, "ఆ... అనమ్మా" అన్నాను. తెల్లగా ఉంది. పక్కబట్టలు దులుపుతుంటే తలగడ కింద మూడొంతులు నిండుగా ఉన్న సీసా దొరికింది.

"తగ్గిన రోగానికి మందేమిటే, డబ్బు దండగ" అంది, దొంగతనం పట్టుబడ్డ పిల్లలా.

డాక్టరు గారు ఈసారి ఫ్లూకొనజోల్ మాత్రలు రాశారు. షుగరు అదుపులో పెట్టమన్నారు. కట్టుడు పళ్ళు రాత్రిపూట తీసి కడిగి నానబెట్టమన్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, తగ్గినట్టున్నా చెప్పినన్ని రోజులూ వాడమన్నారు. ఎందుకో నాకు అప్పటికి అర్థమైంది. ఫ్లూకొనజోల్ కాండిడాని చంపదు. వంట ఆపి, పెరగకుండా నిలబెడుతుంది. తుడిచిపెట్టాల్సింది ఒంట్లోని రక్షకభటులే. వాళ్ళ పని కాకముందే మనం మందు ఆపితే, నిలబడిపోయింది మళ్ళీ నడుస్తుంది. కొన్ని అప్పటికే పాఠం నేర్చుకుని ఉంటాయి. కొన్ని ఆ వంటవాళ్ళని రెట్టింపుగా పనిలో పెడతాయి. కొన్ని మందుని లోపలికి వచ్చింది వచ్చినట్టు పంపులు పెట్టి బయటికి తోడేస్తాయి.

అవి పాఠాలు నేర్చుకుంటున్నాయనడానికి సాక్ష్యం కూడా ఉంది. 2009లో జపానులో ఒక వృద్ధురాలి చెవిలోంచి తీసిన కొత్త కాండిడాకి చెవి అనే అర్థంతో ఆరిస్ అని పేరు పెట్టారు. అది ఇప్పుడు మన దేశంతో సహా ఎన్నో దేశాల ఆస్పత్రుల్లో కనిపిస్తోంది. చాలా చోట్ల ఫ్లూకొనజోల్‌ని లెక్కచెయ్యడం లేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమైన శిలీంధ్రాల జాబితా ఒకటి తయారుచేసింది. అన్నిటికన్నా పై తరగతిలో నాలుగు పేర్లున్నాయి. ఆ నాలుగిట్లో రెండు హేజెన్ తన బల్లమీద పరీక్షకి పెట్టుకున్నవే. కాండిడా అల్బికాన్స్, క్రిప్టోకాకస్. ఎక్కడ చూడాలో ఆవిడకి అప్పుడే తెలుసు.

నిస్టాటిన్ పేటెంటు 1957లో వచ్చింది. దాని మీద కోటీ ముప్పై లక్షల డాలర్ల పైచిలుకు రాయల్టీ వచ్చింది. రాయల్టీ అంటే ఏమిటో రాసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, నాకు ఏడాదికోసారి వచ్చే చెక్కు ఒక నెల పాల బిల్లుకి సరిపోదు. ఆ ఇద్దరూ అందులో ఒక్క డాలరు తమకని తీసుకోలేదు. సగం శాస్త్ర పరిశోధనల సంస్థకి, సగం తమ పేరున పెట్టిన నిధికి వెళ్ళేటట్టు రాసిచ్చారు. ఆ నిధితో ఎందరో శిలీంధ్రాల వైద్యం చదువుకున్నారు. ఇద్దరూ నెలజీతం మీదే బతికారు. హేజెన్ 1975లో, బ్రౌన్ 1980లో వెళ్ళిపోయారు. 1994లో అమెరికా వాళ్ళు తమ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఇద్దరి పేర్లూ చేర్చారు. 1966లో ఇటలీలో ఫ్లోరెన్సు నగరాన్ని వరద ముంచెత్తినప్పుడు బూజు పట్టిన పాత చిత్రాలని కాపాడటానికి కూడా నిస్టాటిన్ వాడారట. ఆవుల బీడు మట్టి ఎక్కడెక్కడికి వెళ్ళిందో చూడండి.

ఇవన్నీ అమ్మకి చెప్పాను. కోటీ ముప్పై లక్షల డాలర్ల దగ్గర మటుకు నమ్మలేదు. "ఒక్కటీ ఉంచుకోలేదా?" అని రెండుసార్లు అడిగింది. కాసేపు ఆలోచించి, "మరి వాళ్ళ పేరైనా సీసా మీద వెయ్యలేదేమే?" అంది.

నా దగ్గర జవాబు లేదు. సీసా తీసి మళ్ళీ చూశాను. కంపెనీ పేరుంది, ధర ఉంది, గడువు తేదీ ఉంది.

ఇప్పుడు రోజూ రాత్రి పడుకునే ముందు అమ్మ కట్టుడు పళ్ళు తీసి గిన్నెలో వేస్తుంది. నేను లైటు పట్టుకుని వెళ్తాను. "ఆ... అనమ్మా" అంటాను. నోరంతా గులాబీ రంగులో తేటగా ఉంటుంది. ఏమీ లేదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా ఆవిడ తెరుస్తుంది, నేను చూస్తాను.